ఎమిల్ మావయ్య పడమటి ప్రయాణం

మా ఎమిల్ మావయ్య దవడ ఎడమ పక్కకి ఒరిగి ఉండేది. చిన్నప్పుడు గుర్రం తన్నింది. మా ఊరు రోజెన్‌థాల్‌లో అప్పటికి మనుషుల డాక్టరు లేడు, పశువుల డాక్టరు వచ్చి కట్టు కట్టాడు, ఎముక ఎలా ఉన్నది అలాగే అతుక్కుపోయింది. మాట బాగానే వచ్చేది గానీ సూపు తాగుతుంటే నోటి ఓ పక్కనుంచి కారేది. అందుకని నలుగురిలో కూర్చుని సూపు తాగేవాడు కాదు. ఉత్తర డకోటాలో మా జర్మన్ల ఇళ్ళలో సూపు లేకుండా భోజనం మొదలవదు. దాంతో ఆయన ఎవరింటికీ భోజనానికి వెళ్ళకుండా, పెళ్ళి ఊసే ఎత్తకుండా, తండ్రి వదిలిపోయిన గోధుమ చేను, పది పన్నెండు ఆవులు చూసుకుంటూ నలభై దాటాడు.

వెళ్ళే ఇల్లు ఒక్కటుండేది. పక్క చేను రైన్‌హోల్డ్ బెండర్‌ది.

ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. మిగతా పిల్లలు మావయ్యని వంకరమూతి అని పిలిస్తే రైన్‌హోల్డ్ వాళ్ళ మీద పడి రక్తం కారేలా కొట్టేవాడు. కొట్టేసి వచ్చి, "పదరా వంకరమూతీ, ఇంటికి పోదాం" అనేవాడు. ఆ మాట తన నోట తప్ప ఇంకెవరి నోటా రాకూడదన్నట్టు. మావయ్య దాన్నే స్నేహం అనుకున్నాడు. చుట్టూ కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ లేని చోట, ఉన్న ఒక్క పొరుగువాడితో ఉన్నదాన్ని ఏ పేరు పెట్టి పిలిచినా పెద్ద తేడా ఉండదు.

రైన్‌హోల్డ్ చూడ్డానికి బాగుంటాడు. ట్రాక్టరు ఏది పాడైనా శబ్దం విని చెప్పేవాడు, చర్చి కమిటీలో ఉండేవాడు, కాఫీ హోటల్లో అతను నోరు విప్పితే అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్ళు. ఇంట్లో సంగతి వేరు. అతను భార్య ఒటీలియాని ఎప్పుడూ కొట్టలేదు. ఊరంతా అదే చెప్పేది. భోజనం చల్లారిందని పళ్ళెం తీసుకెళ్ళి కుక్క ముందు పెట్టి, అది తినేదాకా ఆమెని పక్కన నిలబెట్టేవాడని ఊరికి తెలియదు. చర్చి దగ్గర ఎవరితోనో రెండు మాటలు ఎక్కువ మాట్లాడిందని ఓ చలికాలం ఆమెని అక్కడే వదిలేసి కారులో ఇంటికొచ్చేశాడు. మంచులో నడిచొచ్చిన మనిషిని గుమ్మంలో ఆపి, "ఇప్పుడెవరితో మాట్లాడతావో మాట్లాడు" అన్నాడట. ఇవన్నీ మావయ్యకి తెలుసు. చూస్తూనే ఉన్నాడు. తన పని తాను చూసుకున్నాడు.

ఇదంతా మావయ్య తర్వాత నాకూ మా అమ్మకూ చెప్పినదీ, నేను కళ్ళారా చూసినదీ. మా అమ్మ అల్వీనా ఆయనకి అక్క. మా ఇల్లు బెండర్ వాళ్ళ ఇంటికి ఎదురుగా, మధ్యలో ఓ పశువుల బీడు.

ఆ ఏడాది, అంటే డెబ్భై నాలుగులో, బెండర్ల పిల్ల లియోనా జిల్లా సంతలో పోటీకని ఓ కోడెదూడని పెంచింది. పద్నాలుగేళ్ళ పిల్ల. దానికి మోరిట్జ్ అని పేరు పెట్టుకుంది. స్నానం చేయించడం, దువ్వడం, తాడు పట్టుకుని రోడ్డు మీద నడిపించడం, పొద్దస్తమానం దానితోనే. ఓ రోజు తండ్రి దాన్ని అమ్మేద్దామంటే, "అది నాది, నువ్వెలా అమ్ముతావు?" అంది. తర్వాత వారం లియోనాని చుట్టాల ఊరు పంపారు. తిరిగొచ్చేసరికి దూడ లేదు. కంచె తెంచుకుని పోయింది, వెతికిస్తున్నానన్నాడు.

ఆ ఆదివారం మావయ్యని భోజనానికి పిలిచాడు. పెద్ద మాంసం ముక్క, ఉల్లిపాయలేసి వేయించినది. అందరూ తిన్నారు. రైన్‌హోల్డ్ కూతుర్ని, మాంసం ఎలా ఉంది అని అడిగాడు. బాగుంది నాన్నా అంది లియోనా.

"బాగుండకేం? రోజూ నువ్వే కదా మేపావు" అన్నాడు.

పిల్లకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా మావయ్య నవ్వాడు. రైన్‌హోల్డ్ ఏదంటే దానికి నవ్వడం ఆయనకి అలవాటు, అదేమిటో వినకముందే నవ్వు వచ్చేసేది. లియోనా లేచి బయటికి పరిగెత్తి వాంతి చేసుకుంది. తండ్రి కేకేసి లోపలికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెంలో మిగిలింది తినమన్నాడు. తినేదాకా ఎవరినీ బల్ల దగ్గర నుంచి లేవనివ్వలేదు. ఒటీలియా తల ఎత్తలేదు. మావయ్య కూడా ఎత్తలేదు. ఆ పిల్ల నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదని చెప్పాడు.

మూడో రోజో నాలుగో రోజో ఒటీలియా కోడిగుడ్ల బుట్ట పట్టుకుని చేను దాటి మావయ్య ఇంటికి వచ్చింది. ఆయన పంపు దగ్గర ఆవులకి నీళ్ళు కొడుతున్నాడు. ఆమె బుట్ట కింద పెట్టి, పంపు ఆడుతున్న చప్పుడులో మాట కలిసిపోయేలా చిన్నగా మాట్లాడింది.

"అన్నయ్యా, ఆయన్ని ఎక్కడికైనా నాలుగు రోజులు తీసుకెళ్ళు."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికైనా సరే. దూరంగా. నేను పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. ఊళ్ళోనే ఉంటే గంటలో పట్టేసుకుంటాడు."

మావయ్య పంపు కొడుతూనే ఉన్నాడు. తొట్టి నిండి నీళ్ళు కాళ్ళ మీదుగా పోతున్నా కొడుతూనే ఉన్నాడు.

"ఎటు వెళ్తున్నావో నాకు చెప్పకు" అన్నాడు చివరికి. "వాడడిగితే నేను ఆగలేను. చిన్నప్పట్నుంచీ అంతే."

ఆమె బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

రైన్‌హోల్డ్‌ని కదిలించడం ఎలాగో మావయ్యకి తెలుసు. గడ్డి కోతలు అయిపోయి, గోధుమ కోతలు ఇంకా మొదలవని జులై రోజులు. కాఫీ హోటల్లో పదిమంది ఉండగా, తను పుట్టినప్పట్నుంచీ కొండలు చూడలేదనీ, చచ్చేలోగా ఒక్కసారి మోంటానా వెళ్ళి చూడాలనుందనీ, కానీ ఒక్కడే వెళ్ళడానికి భయమనీ అన్నాడు. హోటలంతా గొల్లున నవ్వింది. రైన్‌హోల్డ్ సైన్యంలో ఉన్నప్పుడు కొలరాడోలో కొండలు చూసినవాడు.

"బిస్మార్క్ పట్నం వెళ్ళి పికప్పు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి ఏడ్చినవాడు వీడు" అన్నాడు అందరికీ చెబుతూ. "వీణ్ణి ఒక్కణ్ణి పంపిస్తే పసిఫిక్ సముద్రంలో తేలతాడు. నేను తీసుకెళ్తాలే. వంకరమూతిగాడికి కొండలు చూపించిన పుణ్యం నాకే దక్కనివ్వండి."

సోమవారం పొద్దున్నే మావయ్య పికప్పులో బయల్దేరారు. బండి మావయ్యది, తోలేది రైన్‌హోల్డ్. కిటికీలు దించుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు బయటికి ఉమ్ముతూ, పడమర దిక్కుగా. మావయ్య గాలి వాలులో కూర్చోవలసొచ్చింది కాబట్టి పొట్టంతా ఆయన మొహం మీదే పడేది. రోడ్డు పక్క గోధుమ అప్పుడప్పుడే రంగు తిరుగుతోంది. అది పోయి గడ్డి వచ్చింది, తర్వాత ఉత్త గడ్డే. మిడతలు అద్దానికి కొట్టుకుని పచ్చగా అంటుకుపోయేవి. ఊరొచ్చినచోటల్లా రైన్‌హోల్డ్ ఆపి బీరు తాగేవాడు. మావయ్యకి అది మంచిదే. ఎంత మెల్లగా వెళితే అంత మంచిదనుకున్నాడు.

మధ్యాహ్నం ఓ చిన్న ఊళ్ళో భోజనానికి ఆగారు. వడ్డించే అమ్మాయి రాగానే రైన్‌హోల్డ్ గొంతు తగ్గించి, మావాడు పుట్టు మూగ, బుర్ర కూడా అంతంతమాత్రం, కోప్పడకండి అన్నాడు. మావయ్య తెల్లబోయి చూశాడు. రైన్‌హోల్డ్ బల్ల కింద ఆయన కాలు తొక్కాడు. ఇక మావయ్య నోరు విప్పలేదు. రైన్‌హోల్డ్ ఆయన కోసం సూపు చెప్పాడు. బంగాళాదుంపలూ పిండి ఉండలూ వేసింది, పెద్ద గిన్నె.

అది నోటి పక్కనుంచి కారి చొక్కా మీద పడుతుంటే ఆ అమ్మాయి జాలిపడి, ఓ గుడ్డ తెచ్చి మావయ్య మెడకి కట్టింది. పసిపిల్లాడితో మాట్లాడినట్టు, మెల్లగా తాగు నాన్నా అని, గడ్డం తుడిచింది. పక్క బల్లల వాళ్ళు చూసి మొహాలు తిప్పుకున్నారు. రైన్‌హోల్డ్ నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి అది ఏడుపనుకుని అతని భుజం తట్టింది. మావయ్య గిన్నె ఖాళీ చేశాడు. వెళ్ళేటప్పుడు కూడా ఆమెకి కృతజ్ఞత చెప్పలేకపోయాడు, మూగవాడు కదా. ఆ ప్రయాణం మొత్తంలో తలుచుకుంటే మావయ్యకి ఎక్కువ బాధ కలిగించేది అదే. తర్వాత జరిగింది కాదు.

సాయంత్రం మోంటానా సరిహద్దు దగ్గర ఓ మోటెల్లో దిగారు. రైన్‌హోల్డ్ ఎక్కడికెళ్ళినా సాయంత్రం ఇంటికి ఫోను చేస్తాడు, ఒటీలియా వెంటనే ఎత్తాలి. మావయ్య ఈ సంగతి ఆలోచించలేదు. మోటెల్ ఆఫీసు నుంచి చేస్తే ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మావయ్య ఉరుములకి లైను పోయుంటుందన్నాడు. రైన్‌హోల్డ్ మా ఇంటికి చేశాడు.

నేను ఆ వారం బఠాణీలు సీసాలకెత్తడానికి అమ్మకి సాయంగా పుట్టింట్లోనే ఉన్నాను. అమ్మ ఫోను ఎత్తింది. ఆమెకి ఏమీ తెలియదు. కిటికీలోంచి బీడు అవతలకి చూసి, తీగ మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి రైన్‌హోల్డ్, పెరట్లో ఎక్కడో ఉండుంటుందని చెప్పింది. ఒటీలియా పొద్దున్న వెళ్ళిపోయే ముందు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తడిపి ఆరేసి వెళ్ళింది. ఆమె చిన్ననాటి స్నేహితురాలెవరో కారు తెచ్చి వెనక దారిలో ఎక్కించుకుందని మాకు చాలాకాలానికి తెలిసింది.

దుప్పట్ల మాట విని రైన్‌హోల్డ్ శాంతించాడు. గదిలో మంచం ఒకటే ఉందని మావయ్యని పికప్పు వెనక పడుకోమన్నాడు. దోమలు మొహం వాచేలా కుట్టాయి. ఓ రోజు గడిచిందిలే అనుకుని మావయ్య ముడుచుకుని పడుకున్నాడు.

రెండో రోజు పొద్దున్న మైల్స్ సిటీ దాటి చాలాదూరం పోయాక ఓ పెట్రోలు బంకు దగ్గర రైన్‌హోల్డ్ మళ్ళీ ఫోను చేశాడు. ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మా అమ్మ మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"దుప్పట్లు ఇంకా తీగ మీదే ఉన్నాయి" అంది. "రాత్రి వాన కూడా పడింది. తీయలేదేమిటో మరి."

అవతల అతను ఫోను పెట్టేసిన చప్పుడు నాక్కూడా వినపడింది.

పికప్పు దగ్గరికి రైన్‌హోల్డ్ నవ్వుతూ వచ్చాడట. రెండు చల్లటి సోడాలు తెచ్చి ఒకటి మావయ్యకిచ్చాడు. మావయ్యకి అప్పుడే తెలిసిపోయింది. నలభై ఏళ్ళలో అతను తనకి ఏదీ కొనివ్వలేదు. పెద్ద రోడ్డు దిగి కంకర దారి పట్టారు. కాసేపటికి ఓ తీగ గేటు వచ్చింది. రైన్‌హోల్డ్ మావయ్యని దిగి గేటు తియ్యమన్నాడు, బండి లోపలికి వెళ్ళాక మళ్ళీ మూయమన్నాడు. పశువుల దారి, రెండు చక్రాల గాడి తప్ప ఏమీ లేదు. మిట్ట తర్వాత మిట్ట, గడ్డి, అక్కడక్కడా నేలబారు ముళ్ళజెముడు. పడమరన చాలాదూరంలో నీలంగా ఓ గీత కనపడుతోంది. అవే కొండలు.

రైన్‌హోల్డ్ ఇంజను ఆపి దిగమన్నాడు. మావయ్య దిగాడు.

"ఎక్కడికెళ్ళింది?"

"తెలీదు."

"తెలీదా, చెప్పవా?"

"తెలీదు. నాకు చెప్పొద్దన్నాను. తెలిస్తే నీకు చెప్పేస్తానని."

రైన్‌హోల్డ్ కాసేపు ఆయన మొహంలోకి చూసి తల ఊపాడు. "నిజమే. చెప్పేసేవాడివి" అన్నాడు. తర్వాత ఇంకేమీ అడగలేదు. చెయ్యి ఎత్తలేదు. బానెట్‌కి ఆనుకుని నిలబడి, గింజలు నోట్లో వేసుకుని, "బూట్లు విప్పరా" అన్నాడు.

మావయ్య నేల మీద కూర్చుని విప్పాడు. తర్వాత చొక్కా. తర్వాత టోపీ. కళ్ళజోడు రైన్‌హోల్డే వచ్చి తీసుకున్నాడు. మావయ్యకి కళ్ళజోడు లేకపోతే పదడుగుల అవతల అంతా మసక.

తర్వాతెప్పుడో నేను, అతని చేతిలో తుపాకీ లేదు, కర్ర లేదు, ఎందుకు విప్పావు మావయ్యా అని అడిగాను. విప్పమన్నాడు కదా అన్నాడు. మళ్ళీ తనే, కానీ ముడులు చాలా మెల్లగా విప్పానన్నాడు. ఎంతసేపు విప్పితే ఒటీలియా అంత దూరం పోతుంది కదా అని. ఈ రెండిట్లో ఏది నిజమో ఆయనకే తెలియదనుకుంటాను.

"కొండలు చూడాలన్నావుగా" అన్నాడు రైన్‌హోల్డ్ బండెక్కుతూ. "అవిగో. నడువు."

మిట్టమధ్యాహ్నం జులై ఎండ. మావయ్య కొండల వైపు నడవలేదు, బండి పోయిన గాడి వెంట వెనక్కి నడిచాడు. మసకలో దారి తప్పాడు. ముళ్ళజెముడు కనపడేది కాదు, కాలు పెట్టాకే తెలిసేది. మొదట్లో కూర్చుని ముళ్ళు పీక్కునేవాడు, తర్వాత మానేశాడు. వీపు కాలి బొబ్బలెక్కింది. పశువుల తొట్టి ఒకటి దొరికితే పైన పాచి పక్కకి నెట్టి తాగాడు. ఓ చోట ఆవులు గుమిగూడి ఆయన్ని చూస్తూ కాస్త దూరం వెంట నడిచాయట. చీకటి పడితే ఎక్కడున్నాడో అక్కడే పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న కంచె బాగుచెయ్యడానికొచ్చిన ఆ పశువుల రాంచ్ నడిపే దంపతులు ఆయన్ని చూసి మొదట చచ్చిపోయిన దూడనుకున్నారు.

ఆస్పత్రిలో వాళ్ళు ఏం జరిగిందని అడిగారు. ఒంటికి పోసుకోవడానికి దిగాను, స్నేహితుడు చూసుకోకుండా వెళ్ళిపోయాడని చెప్పాడు. బూట్లూ చొక్కా లేకుండానా అని అడిగారు. ఎండగా ఉంటే విప్పానన్నాడు. నిజం చెబితే పోలీసులొస్తారు, ఎందుకు వదిలేశాడంటారు, ఒటీలియాని వెతుకుతారు. ఆయన లెక్క అది. అప్పటికే ఆయనకి షుగరు ఉందని ఎవరికీ తెలియదు. ముళ్ళు దిగిన కుడికాలు చీము పట్టింది, పాకింది. చీలమండ పైదాకా కాలు తీసేశారు.

రైన్‌హోల్డ్ ఆగకుండా తోలుకుంటూ ఇంటికొచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. బిస్మార్క్ బస్సు స్టాండులో, చుట్టాల ఇళ్ళలో వెతికాడు. దొరకలేదు. దొరకదని తెలిశాక కాఫీ హోటల్‌కి వచ్చి కూర్చుని, కళ్ళనీళ్ళతో ఊరికి సంగతి చెప్పాడు. తన భార్యకీ ఎమిల్‌కీ ఎన్నాళ్ళుగానో సాగుతోందట. తనని దూరంగా తీసుకెళ్ళి ఆమెని పంపించేసి, తర్వాత తనూ వెళ్ళి కలుసుకోవాలని పన్నాగమట. దారిలో ఒప్పుకుని సిగ్గుతో బండి దిగి పోయాడట. ఊరంతా నమ్మింది. వంకరమూతి వాడితో ఒటీలియా ఎందుకు పోతుందని ఒక్కరైనా అడగలేదు. ఆడదాని బుద్ధి ఎవరు చెప్పగలరన్నారు.

మావయ్య చంకకర్రల మీద తిరిగొచ్చాడు. పాస్టరు ఇంటికొచ్చి, చర్చిలో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే సంఘం క్షమిస్తుందన్నాడు. చేయని తప్పు ఎలా ఒప్పుకోనని మావయ్య అంటే, అయితే ఆదివారాలు రాకపోవడం మంచిదని చెప్పి వెళ్ళిపోయాడు. హోటల్లో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. అయినా వెళ్ళేవాడు, చుట్టుపక్కల ఇంకో హోటలు లేదు.

మా అమ్మకి మొత్తం చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మినా, బఠాణీలు ఒలుస్తూ, తల ఎత్తకుండా ఇలా అంది.

"నాచేత వాడికి అబద్ధం చెప్పించావు. దుప్పట్లున్నాయని నేనే చెప్పాను. వాడు రోజూ నా వైపు చూసే చూపు నువ్వు భరిస్తావా?"

"అక్కా, ఆ పిల్లకి జరిగింది చెప్పాను కదా."

"దూడని కొయ్యని ఇల్లేది? మనం కొయ్యట్లేదా? ఆవిడకి తిండికి లోటా, బట్టకి లోటా? ఒక్కనాడు చెయ్యి చేసుకున్నాడా? నీ కాలు పోగొట్టుకుని, మా పరువు తీసి, నువ్వు బాగుచేసిందేమిటి?"

అమ్మ ఆయనకి భోజనం పంపడం మాత్రం మానలేదు. కానీ తను తీసుకెళ్ళేది కాదు, నాచేత పంపేది.

ఆ శీతాకాలం మొదట్లో మావయ్య ఇంటికి తిరిగే దారి మొదట్లో, కంచె రాట మీద ఓ జత బూట్లు తలకిందులుగా కనపడ్డాయి. మావయ్యవే. రైన్‌హోల్డ్ అప్పటిదాకా దాచి ఉంచి, తెచ్చి మేకులు కొట్టి పెట్టాడు. దారినపోయేవాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. కొంతమంది కుడి బూటు నీకెలాగూ అక్కర్లేదు కదా అని మావయ్యతో అన్నారు కూడా. నేను పీకేస్తానంటే ఆయన వద్దన్నాడు. పీకితే ఇంకేదైనా పెడతాడన్నాడు. ఎండకీ మంచుకీ తోలు చీలికలై, వాటిలో పిచ్చుకలు గూడు కట్టాయి.

తర్వాత రెండేళ్ళకి రైన్‌హోల్డ్ విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పక్క జిల్లా పిల్ల, ఆర్లిన్. మావయ్య పెళ్ళికి ముందు ఆమె తండ్రి ఇంటికి వెళ్ళి, నాకు తెలిసింది చెబుతాను వినండని మొదలుపెట్టాడు. గుమ్మంలోనే ఆపేశారు. ఒకరి పెళ్ళాన్ని లేపేసినవాడివి, ఇప్పుడు మా పిల్లనీ చెడగొట్టడానికి వచ్చావా అని ఆర్లిన్ అన్నల్లో ఒకడు మావయ్య చంకకర్ర లాగి చేలోకి విసిరాడు. దాన్ని తెచ్చుకోవడానికి మావయ్య ఒంటికాలి మీద, చేతుల మీద పాకాల్సి వచ్చింది.

ఆర్లిన్‌ని రైన్‌హోల్డ్ పల్లెత్తు మాట అనలేదు. చర్చికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. ఆమె అందరి ముందూ గట్టిగా అతన్ని ఎదిరించి మాట్లాడినా నవ్వుతూ ఊరుకునేవాడు. ఇంకేం, ఊరికి రుజువు దొరికింది. తప్పంతా ఒటీలియాదే, చూడండి ఈ పిల్లని ఎంత బాగా చూసుకుంటున్నాడో అన్నారు. మా అమ్మ కూడా అంది. ఆర్లిన్‌కి ముగ్గురు అన్నలు, ఒక్కొక్కడు గుమ్మం పట్టనంత మనిషి, ప్రతి ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ళు. ఆ సంగతి మావయ్య ఒక్కడే అన్నాడు, అదీ నాతోనే.

రైన్‌హోల్డ్ ఎనభై ఏడులో నిద్రలో పోయాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిన అదృష్టవంతుడన్నారు. అంత్యక్రియలకి వచ్చిన జనం చర్చిలో పట్టలేదు.

తర్వాత వేసవిలో లియోనా వచ్చింది. తండ్రి భూమిలో ఆమెకి భాగం వచ్చింది, అమ్మేసి పోదామని. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళది, తల్లి పోలిక. రెండు చేలకీ మధ్య హద్దు ఎక్కడో మావయ్యని అడిగి తెలుసుకోమని లాయరు చెప్పాడట. నేను మావయ్యని కారులో అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన గడ్డిలో కర్రతో తడుముతూ హద్దురాయి చూపించాడు. ఆమె కృతజ్ఞతలు చెప్పింది, మర్యాదగా, ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పినట్టు.

"అమ్మ ఎలా ఉంది?" అన్నాడు మావయ్య.

"పోయి రెండేళ్ళయిందండి. ఊపిరితిత్తులు."

మావయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎక్కడున్నారు ఇన్నాళ్ళూ అని నేనడిగాను. ఒరెగాన్‌లో, సముద్రం ఒడ్డున అంది లియోనా. తల్లి చేపలు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో పనిచేసిందట. ఆదివారాలు ఇద్దరూ ఇసుకలో నడిచేవాళ్ళట. చివరి రోజుల్లో కూడా బాగా నవ్వేదని చెప్పింది.

"ఇక్కడివాళ్ళ గురించి ఎప్పుడైనా చెప్పేదా?" మావయ్య అడిగాడు.

"లేదండి. ఎవరి పేరూ ఎత్తేది కాదు. ఒక్కసారి మాత్రం అంది. ఊరు ఊరంతా చూస్తూ కూర్చుంది, ఒక్కరూ సాయానికి రాలేదు, నేను ఒక్కదాన్నే నిన్ను ఆ ఇంట్లోంచి లాక్కొచ్చానని."

నేను నోరు తెరిచాను. మావయ్య చంకకర్ర కొన తెచ్చి నా కాలి మీద పెట్టి నొక్కాడు. లియోనా అప్పుడే ఆయన మడిచి కుట్టిన ప్యాంటు కాలు చూసింది.

"కాలికి ఏమైందండి?"

"షుగరు" అన్నాడు మావయ్య.

జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి ఆమె కారెక్కింది. దుమ్ము సర్దుకునేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

కారులో నాకు కోపం ఆగలేదు. ఎందుకు చెప్పనివ్వలేదని నిలదీశాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ పిల్లకి వాళ్ళమ్మ తప్ప ఎవరూ లేరే. ఉన్న ఒక్కదాంట్లో నాకు వాటా ఎందుకు?" అన్నాడు.

మైలు దూరం పోయాక, సరిగ్గా వినపడని మనిషిలాగా, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఒక్కరూ రాలేదందా?"

"అలాగే అంది మావయ్యా."

"ఊఁ" అన్నాడు.